ఎడమ, కుడి, రెండూ

ఇంటికి రంగులు వేయిస్తున్నాం కదా అని అటక మీది సామానంతా దింపిస్తుంటే, వెనక మూలన పాత లుంగీలో మూటకట్టిన పెట్టె ఒకటి బయటపడింది. విప్పి చూస్తే మా మొదటి కంప్యూటర్. మానిటరూ కీబోర్డూ ఎప్పుడో పాత సామాన్లవాడి బండెక్కిపోయాయి. ఈ ఇనప డబ్బా మాత్రం మేం మారిన మూడు ఇళ్లకూ మాతోపాటే వచ్చింది. లుంగీ నాన్నది, మూట కట్టింది అమ్మ. ఈ మధ్య అమ్మకి చూపు కాస్త మందగించింది గానీ, లుంగీ అంచు తడిమి ఇట్టే గుర్తుపట్టేసింది. "దాన్ని పారేయకండే. అందులో మీ నాన్న గొంతుంది," అంది.

మా అమ్మాయి హారిక తాతని చూడలేదు. అది పుట్టకముందే నాన్న పోయాడు. అప్పటికి మా ఇంట్లో ఉన్నది బటన్ల ఫోను. ఫొటోలు ఓ పది ఉన్నాయి. ఫొటో తీసేటప్పుడు నవ్వితే పరువు తక్కువని నాన్న నమ్మకం, అందుకని పదింటిలోనూ పెదాలు బిగించుకుని పోలీస్ స్టేషన్‌లో నిలబెట్టినట్టు ఉంటాడు. గొంతు మాత్రం ఇంకెక్కడా లేదు. "ఏ మాట ఎప్పుడన్నారో అన్నీ గుర్తున్నాయే, గొంతే గుర్తు రావట్లేదు. మొన్న కలలోకి వచ్చారు. ఏదో చెప్తున్నారు, నోరు కదులుతోంది, వినపడట్లేదు," అంది అమ్మ. అలా అన్నాక లేచి వెళ్లి, రంగులవాళ్లకి టీ పెట్టింది.

హారిక ఆ డబ్బా మరలు విప్పి లోపలి డిస్కు తీసింది. గన్నవరం దగ్గర ఇంజనీరింగ్ కాలేజీలో చదువుతోంది, స్క్రూడ్రైవర్ చేతికిస్తే వాళ్ల తాతే. కానీ డిస్కు దానికి లొంగలేదు. ఊళ్లో పాత డిస్కులు బాగుచేసేవాడికి ఇస్తే, చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసి, "వారం చూద్దామండి. ఆశ మాత్రం పెట్టుకోవద్దు," అన్నాడు. ఆ వారం రోజులూ అమ్మ చెవి గేటు వైపే ఉంది. చప్పుడైతే చాలు, ముందు తనే వెళ్లి చూసేది. నాకు మాత్రం పని చేస్తున్నా, వంట చేస్తున్నా పటమటలో నాన్న ఉన్నప్పటి మా రెండు గదుల అద్దె ఇల్లే కళ్లముందు కదిలింది.

నాన్నది పామర్రు పక్కన నేతపని ఊరు. మా తాత గుంటమగ్గం మీద చీరలు నేసేవాడు. గుంటలో కాళ్లుపెట్టి కూర్చుని, ఎడమ చెక్క తొక్కితే దారాల్లో సగం పైకి లేస్తాయి, అడ్డపోగు చుట్టిన నాడె ఇటునుంచి అటు పరుగెడుతుంది. కుడి చెక్క తొక్కితే మిగతా సగం లేస్తాయి, నాడె వెనక్కి వస్తుంది. పని నేర్చుకునే పిల్లలకి తాత పక్కన కూర్చుని "ఎడమ... కుడి... ఎడమ... కుడి..." అని చెప్తూ ఉండేవాడట. నాన్న కాళ్లకి ఆ విద్య పట్టుబడలేదు గానీ చెవికి పట్టింది. వీధిలో నిలబడి ఏ ఇంటి మగ్గంలో పోగు తెగిందో చప్పుణ్ణి బట్టి చెప్పేవాడని మా మేనత్తలు ఇప్పటికీ చెప్పుకుంటారు. నేత గిట్టుబాటు కాక ఊళ్లో మగ్గాలు ఒక్కొక్కటీ ఆగిపోతుంటే, నాన్న ఆ చెవిని పట్టుకుని బెజవాడ వచ్చి ఆటోనగర్‌లో పడ్డాడు. లారీలకి టేప్‌రికార్డర్లు, స్పీకర్లు బిగించే పని.

ఆ కొట్టు నాకు ఇప్పటికీ ముక్కుతోనే గుర్తు. ఒక పక్క లారీల కింది కమాను కట్టలు, అదే స్ప్రింగు పట్టీలు, సాగగొట్టే కొలిమి, ఇంకో పక్క లారీల మీద తామరపూలూ నెమళ్లూ వేసే పెయింటర్. మధ్యలో నాన్న, సోల్డరింగ్ పొగ. డీజిలూ రంగూ బొగ్గూ కలిసిన ఆ వాసన నాన్న చొక్కాకి పట్టేసి సబ్బుకి లొంగేది కాదు. సాయంత్రం సైకిలు వసారాలో పెట్టి, ముందు కిరసనాయిల్‌తో, తర్వాత సబ్బుతో, ఆఖరికి అమ్మ ఇచ్చే శనగపిండితో చేతులు కడుక్కునేవాడు. ఆ తర్వాత లుంగీ కట్టుకుని కుర్చీలో కూర్చుని ఇల్లంతా ఓసారి వినేవాడు. అవును, వినేవాడు. "ఫ్యాను బేరింగ్ అరుస్తోంది." "కుక్కర్ మూడో కూత తేడాగా వచ్చింది, వాషర్ చూడు." ఓసారి నేను గదిలోకి వెళ్లగానే, "అమ్మడూ, నీ ఎడమ చెప్పు ఊడేలా ఉంది," అన్నాడు, అన్నట్టే మర్నాడు బస్టాపులో ఊడింది. ఇంత చెవి ఉన్న మనిషితో కాపురం చెయ్యడం కష్టమని అమ్మ గొణిగేది, గొణిగినా వినపడేది.

రంగుల వైర్లని నాన్న నమ్మేవాడు కాదు. ఒక్కో కంపెనీవాడు ఒక్కో రంగు పెడతాడు, ఇంతకుముందు బిగించినవాడు ఇంకేదో కలుపుతాడు, అందుకని రంగుని నమ్ముకుంటే మునుగుతాం అనేవాడు. "కంటికి అబద్ధం చెప్పొచ్చు అమ్మడూ, చెవికి చెప్పలేం." అందుకే తన గొంతుతో ఒక ట్రయల్ క్యాసెట్ తయారుచేసుకున్నాడు. బిగింపు పూర్తయ్యాక డ్రైవర్ని సీట్లో కూర్చోబెట్టి ఆ క్యాసెట్ పెట్టేవాడు. ముందు కొంచెం గరగర. తర్వాత మా తాత మగ్గం దగ్గర చెప్పిన తీరులోనే "ఎడమ... ఎడమ... కుడి... కుడి... రెండూ." కాస్త ఆగి, "వినపడుతోందా?" ఆ తర్వాత ఒక పాత సినిమా పాట. ఎడమ అన్నప్పుడు ఎడమ తలుపు స్పీకర్ పలికేదాకా వైర్లు మార్చేవాడు. తమాషా ఏమిటంటే, టేపులోని నాన్న "వినపడుతోందా?" అనగానే పెద్ద పెద్ద మీసాల డ్రైవర్లు కూడా డాష్‌బోర్డుకేసి చూస్తూ "ఆఁ, వినపడతందయ్యా" అని జవాబు చెప్పేవారు. పక్కన నిజం నాన్న నిలబడే ఉన్నా సరే. ఎవరన్నా జవాబు చెప్పకపోతే నాన్నకి పని పూర్తయినట్టు ఉండేది కాదు, వెనక్కి తిప్పి మళ్లీ వేసేవాడు.

పాటల మీద నాన్నకి సొంత సిద్ధాంతం ఉండేది. లోడు మీద వెళ్లేటప్పుడు నిదానం పాట, ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు హుషారు పాట. అన్నం తిన్న గంటలోపు ఏడుపు పాట పెట్టకూడదు, నిద్రొస్తుంది. డ్రైవర్లు ఖాళీ క్యాసెట్ తెచ్చిస్తే, వాళ్లు తిరిగే రూటు అడిగి, దాని ప్రకారం పాటలు ఎక్కించి ఇచ్చేవాడు. ఇంత చెప్పే మనిషికి ఏ బండీ నడపడం రాదు. సైకిలు ఒక్కటే, అదీ పక్కన లారీ వస్తే దిగిపోయేవాడు.

నేను డిగ్రీలో చేరిన ఏడు కంప్యూటర్ కొన్నారు. నా చదువు కోసమని అందరికీ చెప్పాం. కంప్యూటర్ బిగించినవాడు మెహర్బానీగా అందులో ఒక కారు ఆట ఎక్కించి వెళ్లాడు. ఏదో విదేశీ ఊరు, పెద్ద పెద్ద రోడ్లు, కారులో రేడియో, రేడియోలో ఇంగ్లీషు పాటలు. నా చదువు ఎంత సాగిందో గానీ కారు మాత్రం బాగా సాగింది. ఆడపిల్లకి ఇదేం డ్రైవింగ్ పిచ్చి అని అమ్మ అంటే, నాన్న నా వెనక కుర్చీ వేసుకుని కూర్చుని, "ఆ డ్రైవర్‌కి పాట నచ్చలేదే," అన్నాడు.

"నీకెలా తెలుసు నాన్నా?"

"చూడు, కనపడ్డదాన్నల్లా ఎలా గుద్దేస్తున్నాడో."

గుద్దుతున్నది నేను. అయినా ఆ మాటే నాకు దారి చూపించింది. కాలేజీలో నా స్నేహితురాలు ఒకత్తె చెప్పింది, ఆ ఆటలో ఒక ఖాళీ ఫోల్డర్ ఉంటుందని, అందులో మన పాటలు వేస్తే కారు రేడియోలో అవే మోగుతాయని. ఆ సంగతి నాన్నకి చెప్తే కుర్చీ ఇంకా దగ్గరికి లాక్కున్నాడు. ఒకటికి రెండుసార్లు అడిగాడు. "అంటే, బండి వాళ్లది, పాట మనదా?" అవునన్నాను. నాన్న ముఖం వెలిగిపోయింది. "ఆట చేసినవాడు మర్యాదస్తుడమ్మా. లారీ కంపెనీవాడు ఛాసిస్ ఇచ్చి పంపిస్తాడు. క్యాబిన్ ఎలా కట్టుకోవాలో, నెమలి వేయించుకోవాలో తామరపువ్వు వేయించుకోవాలో ఆటోనగర్ వచ్చి మనం చెప్పుకుంటాం. ఇదీ అంతే. మన చోటు మనకి వదిలాడు," అన్నాడు. కంప్యూటర్ గురించి నేను విన్న మాటల్లో ఇంత తెలివైనది ఆ తర్వాత ఎంత పెద్ద చదువులు చదివినవాళ్ల నోటా వినలేదు.

ఆ ఆదివారం ఆటోనగర్ సెలవు. పొద్దున్నే ఇడ్లీలు తిని నాన్న కొట్లోని టేపు డెక్కు, క్యాసెట్ల సంచి సైకిల్ మీద తెచ్చాడు. డెక్కు నుంచి కంప్యూటర్‌కి వైరు సొంతంగా అతికాడు. క్యాసెట్ ఆడుతుంటే కంప్యూటర్ పక్కన కూర్చుని వింటూ ఎక్కించుకోవడమే, పాట ఎంతసేపైతే పని అంతసేపు. అమ్మ వంటింట్లో తాలింపు వేస్తే ఆ చప్పుడు కూడా ఎక్కేస్తుందని భయపడి నాన్న తాలింపు ఆపించాడు. వైరులో వచ్చే పాటకి తాలింపు ఎలా కలుస్తుందని నేను అడగలేదు. ఆయన సంబరం చూస్తే అడగబుద్ధి కాలేదు. మొట్టమొదట ఎక్కించింది ట్రయల్ క్యాసెట్. కొత్త బండికి ముందు అది పెట్టకుండా పాట పెట్టడం నాన్న వల్ల అయ్యేపని కాదు.

ఆ విదేశీ కారు తలుపు తీసుకుని నా ఆటమనిషి లోపల కూర్చున్నాడు, రేడియో గరగరమంది, నాన్న గొంతు "ఎడమ... ఎడమ..." అంది. నేనూ అమ్మా పడీపడీ నవ్వాం. నాన్న నవ్వలేదు. ఎడమ అన్న మాట కుడి స్పీకర్లోంచి వచ్చింది. "బిగించినవాడికి పని రాదు," అని లేచి, రెండు స్పీకర్లనీ అటుదిటు మార్చాడు. ఇప్పుడు సరిపోయింది. "వినపడుతోందా?" అంటే అమ్మ వంటింట్లోంచి "వినపడుతోందండీ" అంది. ఇక ఆ రోజు నుంచి ఆదివారాలన్నీ అవే. నాన్నకి నడపడం నేర్పాను. ఆటలో ఎర్రలైటు పడితే ఆగేవాడు. వెనక కార్లు హారన్ కొడుతుంటే "ఉండండి బాబూ, పచ్చలైటు పడనివ్వండి," అనేవాడు. ఓసారి స్తంభాన్ని గుద్ది "సారీ అండి" అన్నాడు. పామర్రు రోడ్డుకి ఎక్కించిన పాటలు పెట్టుకుని, ఎవరినీ గుద్దకుండా, ఆ ఊరు చివరిదాకా వెళ్లి వచ్చేవాడు. జీవితంలో నాన్న నడిపిన బండి అదొక్కటే.

రెండు మూడు వారాల తర్వాత నేను ఆడుతుంటే తెరమీద కుడివైపు నుంచి రైలు వచ్చింది. కూత మాత్రం ఎడమవైపు వినపడింది. నాన్నకి చెప్తే, "ఆట చేసినవాడికి చెవుల్లేవు," అని కొట్టిపారేశాడు. కానీ మనసులో పడింది. స్పీకర్లు మళ్లీ మొదటిలా మార్చాడు. రైలు కుదిరింది. ట్రయల్ పాడించాడు. ఎడమ మళ్లీ కుడిలోంచి వచ్చింది. తను అతికిన వైరు విప్పి చూశాడు, సరిగ్గానే ఉంది. ఆఖరికి డెక్కుని ఎత్తి బల్ల మీద పెట్టి, దాని ఎదురుగా వెళ్లి నిలబడి, ముందువైపు నుంచి చూశాడు. అలా చూడటం బహుశా అదే మొదటిసారి. డాష్‌బోర్డు కింద దూరి, వెల్లకిలా పడుకుని, టేప్‌రికార్డర్లని జీవితమంతా వీపు వైపు నుంచే చూసిన మనిషి. తన గొంతు రికార్డు చేసుకున్న నాడు కూడా అలవాటుగా డెక్కు వీపు తనవైపు తిప్పుకుని, ఎడమ చేతివైపు ఉన్న రంధ్రంలో ఎడమ మైకు, కుడి చేతివైపు ఉన్న రంధ్రంలో కుడి మైకు గుచ్చాడు. వీపు నుంచి చూస్తే ఎడమ ఎడమ కాదు. ట్రయల్ క్యాసెట్టే తప్పు. ఆ క్యాసెట్ చెప్పినట్టు తను బిగించిన ప్రతి లారీ తప్పు.

నాన్న ఆ పూట అన్నం తినలేదు. "మస్తాన్ గారు చెప్పారు. నేనే వినలేదు," అన్నాడు. మస్తాన్ గారు పామర్రు నుంచి బియ్యం లోడు వేసుకొచ్చే డ్రైవరు. బ్యాలెన్స్ నాబు అటు తిప్పితే పాట ఇటు పోతోందేంటని ఎప్పుడో అడిగితే, నాబు తప్పు గానీ నా వైరింగ్ తప్పుండదండి అని నాన్న కాస్త గట్టిగానే చెప్పి పంపాడట. తప్పు చేసినందుకంటే ఆ మాట అన్నందుకే ఎక్కువ నలిగిపోయాడని ఇప్పుడనిపిస్తుంది. లారీలో కూర్చున్నవాడికి ఇంజను రొదలో ఎడమేమిటి, కుడేమిటి అని అమ్మ సర్దిచెప్పబోయింది. "వాళ్లకి తెలీకపోవచ్చు. నాకు తెలిసిపోయిందిగా," అన్నాడు నాన్న.

మర్నాడు నేను కాలేజీ ఎగ్గొట్టి నాన్నతో కొట్టుకి వెళ్లాను. ఎందుకెళ్లానో తెలీదు, ఆయన్ని ఒక్కడినే పంపబుద్ధి కాలేదు. మస్తాన్ గారి లారీ రాగానే నాన్న ఎదురెళ్లి, జరిగిందంతా ఉన్నదున్నట్టు చెప్పి, "మీరు చెప్పిందే నిజమండి, నాదే తప్పు. మన్నించాలి," అన్నాడు. మస్తాన్ గారు సీట్లోంచి దిగకుండానే విని, "రెండు చెవులూ నా తలకాయకే ఉన్నాయి కదయ్యా, పాట ఎటునుంచొస్తే ఏంటంట? నువ్వు ఇంతమంది ముందు చెప్పుకోడం ఎందుకు, పనిపోద్ది," అన్నాడు. "తప్పు తప్పేనండి, దిగండి," అన్నాడు నాన్న. ఆ పూట డాష్‌బోర్డు కింద నాన్న, పక్కన టార్చిలైటు పట్టుకుని నేను. పని అయ్యాక మస్తాన్ గారు నాబు అటూ ఇటూ తిప్పి చూసి, "ఇప్పుడు ఎడం ఎడమే," అని, నాకేసి తిరిగి, "మీ నాయన చెవి సంగతి నాకు తెల్సులే. మనసు సంగతి ఇయ్యాల తెల్సింది," అన్నాడు. పనిపోలేదు. ఆర్నెల్లపాటు, వచ్చిన ప్రతి పాత బండినీ ఆపి ఊరికే మార్చి పంపాడు. ఆ కథ లారీలెక్కి ఊళ్లు తిరిగి, కొత్త బండ్లనే తెచ్చింది.

పాత ట్రయల్ క్యాసెట్లన్నిటి మీదా నాన్న ఒక్కటి మిగల్చకుండా వేరే పాటలు ఎక్కించేశాడు. కొత్త ట్రయల్ తయారుచేశాడు, ఈసారి డెక్కు ముందు కూర్చుని. ఒకరోజు నన్ను పిలిచి, "ఆ కారు ఆటలో ఉన్న తప్పుడుది తీసెయ్ అమ్మడూ," అన్నాడు. అలాగే నాన్నా అన్నాను. రెండ్రోజులాగి తీసేశావా అంటే తీసేశాను అన్నాను. తీయలేదు. పెద్ద కారణం ఏమీ లేదు, పరీక్షలు దగ్గరపడ్డాయి, ఆట తెరవడమే మానేశాను, బద్ధకం. నాన్నతో నేనాడిన అబద్ధాల్లో ఇది చాలా చిన్నది. కొత్త ట్రయల్ క్యాసెట్లు నాన్న పోయాక కొట్టు ఖాళీ చేసినప్పుడు బూజుపట్టి, టేపు అట్టకట్టి దొరికాయి. మిగిలితే గిగిలితే నా అబద్ధం ఒక్కటే మిగలాలి.

అప్పటిదంతా బంగారం అనను. క్యాసెట్లో చిక్కుపడ్డ టేపుని పెన్సిలుతో చుట్టుకున్న చేతులు నావి, ఆ బాధ నాకు తెలుసు. ఇప్పుడు లారీలు సకల సౌకర్యాలతో తయారయ్యే వస్తున్నాయి. పాట కావాలంటే ఫోనే ఏది వినాలో ఎంచి పెడుతోంది. హారిక ఆడే ఆటల్లో ఊళ్లు నిజం ఊళ్లలా ఉంటాయి. "మన పాటలు పెట్టుకునే చోటుందా?" అని అడిగితే, "కొన్నిట్లో ఉంటుందమ్మా. కానీ మన పాట పెట్టి ఆడి ఆ వీడియో నలుగురికీ చూపిస్తే, పాట హక్కులు మావని కంపెనీవాళ్లు సౌండ్ తీసేస్తారు," అంది. బండీ వాళ్లదే, పాటా వాళ్లదే అన్నమాట. నాన్న ఉంటే ఆ మర్యాద సంగతి ఏమనేవాడో. ఎవరో ముక్కూమొహం తెలియనివాడు తన ఆటలో ఒక ఖాళీ అర వదిలిపెట్టకపోతే, మాకు ఈ వారం ఎదురుచూడటానికి కూడా ఏమీ ఉండేది కాదు.

ఎనిమిదో రోజు డిస్కువాడు ఫోన్ చేశాడు. సగం పైగా పోయిందన్నాడు. నా ప్రాజెక్టు పోయింది, నేను దాచుకున్న కవితలు పోయాయి, అవి పోవడమే మంచిదైంది. కారు ఆట ఫోల్డర్ మాత్రం వచ్చిందన్నాడు. హారిక దాన్ని ల్యాప్‌టాప్‌లో వేసుకొచ్చి నాకు పెద్ద హెడ్‌ఫోన్ పెట్టింది. గరగర. కుడి చెవిలో నాన్న: "ఎడమ... ఎడమ..."

నేను ఏడ్చాను. దాచడానికి ఏముంది. హారిక కూడా విని, ఇంజనీరు బుర్ర కదా, "అమ్మా, చానల్స్ తారుమారయ్యాయి. ఒక్క క్లిక్కుతో సరిచేసేస్తా," అంది. వద్దన్నాను. తప్పుని సరిచెయ్యడానికి నాన్న ఆర్నెల్లు లారీల కింద పడుకున్నాడు, ఒక్క క్లిక్కులో అయిపోవడం నాకెందుకో నచ్చలేదు. పైగా తప్పుతో సహా ఆయనే కావాలి నాకు.

అమ్మ పెరటి గుమ్మంలో కూర్చుని గోంగూర వలుస్తోంది. వెళ్లి పక్కన కూర్చుని, ఏమీ చెప్పకుండా హెడ్‌ఫోన్ తిరగేసి, కుడిది ఎడమ చెవికీ ఎడమది కుడి చెవికీ వచ్చేలా పెట్టాను. అమ్మ దగ్గర నాన్న తప్పు వినపడకూడదు. హారిక బటన్ నొక్కింది. అమ్మ చేతిలో గోంగూర కాడ ఆగిపోయింది. తల కొంచెం ఎడమకి వంగింది, కాసేపటికి కుడికి వంగింది. తర్వాత నిటారుగా అయింది, అది "రెండూ" అయి ఉంటుంది. ఆ తర్వాత నాన్న కాస్త ఆగేచోట అమ్మ ఊపిరి బిగబట్టింది.

చెవులు మూసుకున్నవాళ్లు మాట్లాడినట్టు గట్టిగా, వీధిలోకి వినపడేలా అమ్మ జవాబు చెప్పింది.

"వినపడుతోందండీ."